ప్యాటర్న్ ప్రకారమే అల్లినా స్వెట్టర్ ఎందుకు సరిపోదు?

పెద్దవాళ్ల కోసం నేనల్లిన మొదటి స్వెట్టర్ మెరూన్ రంగుది. ఛాతీ దగ్గర 38 అంగుళాలు వస్తుందని ప్యాటర్న్‌లో, అంటే ఎన్ని కుట్లు ఎలా అల్లాలో చెప్పే కాగితంలో, రాసి ఉంది. ఒక్క కుట్టు ఎక్కువ కాకుండా, ఒక్కటి తగ్గకుండా లెక్కపెట్టుకుంటూ అల్లాను. తీరా పూర్తయ్యాక టేపు పెట్టి చూస్తే 42కి దగ్గరగా ఉంది. భుజాలు జబ్బల మీదికి జారిపోయాయి. చేతులు వేళ్లను దాటి వేలాడాయి. రెండు నెలల పని! ‘సాగేదే కదా, సర్దుకుంటుందిలే’ అన్నారు ఇంట్లోవాళ్లు. సాగే గుణం బిగుతును కొంతవరకు కప్పిపుచ్చుతుంది కానీ వదులును ఏమీ చేయలేదు.

లాక్‌డౌన్ రోజుల్లో యూట్యూబ్ చూసి సూదులు పట్టినవాళ్లలో కొందరు మఫ్లర్లు, టోపీలు దాటి ఇప్పుడు స్వెట్టర్ల దాకా వచ్చారు. పిల్లలు చికాగోలోనో టొరంటోలోనో ఉంటే ఫోన్‌లో కొలతలు అడిగి, ఇక్కడ కూర్చుని అల్లి పంపే అమ్మలూ అమ్మమ్మలూ ఉన్నారు. చలికాలం వచ్చిందంటే వీళ్లందరి నోటా ఒకటే మాట: చెప్పింది చెప్పినట్టే చేశాను కదా, ఎందుకు కుదరలేదు?

మన ఇళ్లలో ఒక తరం ముందు స్వెట్టర్ అల్లడమంటే చాలావరకు పుట్టబోయే బిడ్డ కోసమే. బళ్లో కుట్లూ అల్లికలూ క్లాసులో నేర్పిందీ అంతే. చంటిపిల్లల స్వెట్టర్ కొలత తప్పినా ఎవరూ పట్టించుకోరు. పెద్దదైతే వచ్చే ఏడాదికి పనికొస్తుంది. చిన్నదైతే చుట్టాల్లో ఇంకో చిన్న బిడ్డ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. అందులో నిజంగా కుదరాల్సింది మెడ ఒక్కటే. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. ఛాతీ దానికంటే రెండు సెంటీమీటర్ల దాకా తక్కువే ఉంటుంది. ఆ తల పట్టాలనే ముందు వైపు తెరిచి ఉంచడమో, భుజం మీద గుండీలు పెట్టడమో చేస్తారు. ఈ అల్లికతో చెయ్యి తిరిగినవాళ్లకు కూడా పెద్దవాళ్ల స్వెట్టర్ దగ్గర దెబ్బ తగిలేది అందుకే. పెరగడం ఆగిపోయిన ఒంటి మీద తప్పు తప్పులాగే కనిపిస్తుంది.

గొంగళి సాగదు, స్వెట్టర్ సాగుతుంది

కురుమలు నేసే గొంగళీ ఉన్నిదే, స్వెట్టరూ ఉన్నిదే. కానీ గొంగళిని పట్టుకుని లాగితే సాగదు. మగ్గం మీద పడుగు దారాలు నిలువునా, పేక దారాలు అడ్డంగా, ఒకదాని కిందుగా ఒకటి పోతూ తిన్నగా బిగిసి ఉంటాయి. లాగడానికి వాటిలో మిగులు లేదు.

స్వెట్టర్‌లో పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారం మెలికలు తిరుగుతూ పోతుంది. ప్రతి మెలికా కింది వరసలోని మెలికలోంచి దూరి పైకి వస్తుంది. ఆ ఒక్కో మెలికనే కుట్టు అంటాం. నరసాపురం వైపు లేసు అల్లే క్రోషియా సూది మీద ఒక కుట్టు ముగిశాకే ఇంకోటి మొదలవుతుంది. స్వెట్టర్ అల్లే నిట్టింగ్‌లో వరసలోని కుట్లన్నీ ఒకేసారి సూది మీద తెరిచి ఉంటాయి. బట్టను అడ్డంగా లాగితే కుట్టు ఎత్తులో ఉన్న దారం వెడల్పులోకి జారుతుంది. వదిలేస్తే వెనక్కి వస్తుంది. అంటే అడ్డంగా సాగిన ప్రతిసారీ నిలువునా కొంత కురచవుతుంది. ఒంటికి అతికినట్టున్న స్వెట్టర్ ఉదయం వేసుకున్నప్పుడు నడుము దాటి ఉండి, సాయంత్రానికి పైకెక్కి కూర్చోవడంలో మాయ ఏమీ లేదు.

ఇంకో సంగతి, కుట్టు చదరంగా ఉండదు. మామూలు సాదా అల్లికలో వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. సుమారు మూడు కుట్ల వెడల్పు నాలుగు వరసల ఎత్తుకు సమానం. అందుకే వెడల్పు లెక్కా పొడుగు లెక్కా వేర్వేరుగా చూసుకోవాల్సి వస్తుంది. ఒకటి కుదిరితే రెండోది దానంతటదే కుదురుతుందన్న హామీ లేదు.

పాత ప్యాటర్న్‌లలో ‘టెన్షన్’ అంటే

బ్రిటిష్ పద్ధతి ప్యాటర్న్‌లలో మొదటి పేజీలోనే ‘టెన్షన్’ అని ఒక మాట ఉంటుంది. మనకు తెలిసిన టెన్షన్ స్వెట్టర్ పూర్తయ్యాక వస్తుంది, అది వేరు. ఇక్కడ దాని అర్థం, దారం ఎంత బిగువుగా పట్టుకుని అల్లితే ఎంత కొలత వస్తుందన్నది. అమెరికా వాళ్లు దాన్నే గేజ్ అంటారు. 4 అంగుళాల వెడల్పులో ఎన్ని కుట్లు, 4 అంగుళాల ఎత్తులో ఎన్ని వరసలు అని రెండు అంకెలు ఇస్తారు. డబుల్ నిట్టింగ్ అనే మధ్యరకం ఊలుకు 4 మిల్లీమీటర్ల సూదులతో తరచూ కనిపించే లెక్క 22 కుట్లు, 28 వరసలు.

ఇప్పుడు నా మెరూన్ స్వెట్టర్‌కు వద్దాం. ఒంటి కొలత 36. దానికి 2 అంగుళాల వదులు కలిపితే 38. 4 అంగుళాలకు 22 కుట్లంటే అంగుళానికి అయిదున్నర. 38ని 5.5తో గుణిస్తే 209. ప్యాటర్న్ మన చేత వేయించేది ఈ 209 కుట్లే. 38 అన్నది ఆ 209లోంచి వచ్చే ఫలితం. అదీ అల్లే చెయ్యి సరిగ్గా 22 ఇస్తేనే వస్తుంది.

నా చెయ్యి వదులు. 4 అంగుళాలకు 20 కుట్లే పడతాయి, అంటే అంగుళానికి 5. 209ని 5తో భాగిస్తే 41.8. స్వెట్టర్ నన్ను మోసం చేయలేదు, లెక్క ప్రకారమే వచ్చింది. అదే ప్యాటర్న్‌ను బిగువు చెయ్యి ఉన్నవాళ్లు అల్లితే 24 పడతాయనుకుందాం. 209ని 6తో భాగిస్తే 34.8. ఒకే ఊలు, ఒకే సూదులు, ఒకే 209 కుట్లు. రెండు స్వెట్టర్ల మధ్య తేడా 7 అంగుళాలు, జానెడుకు కాస్త తక్కువ.

ఇందులో ఎవరి చెయ్యీ తప్పు కాదు. వదులు చెయ్యి ఉన్నవాళ్లు ఇంకాస్త సన్నసూది, బిగువు చెయ్యి ఉన్నవాళ్లు ఇంకాస్త లావుసూది తీసుకుంటే ఆ 22కి చేరతారు. చేతిని మార్చుకోవాలని చూసేవాళ్లు కూడా ఉంటారు. నాలుగు వరసలు జాగ్రత్తగా లాగి అల్లి, టీవీలో సీరియల్ మొదలవగానే మళ్లీ పాత చేతికే వచ్చేస్తారు. సూది మార్చడమే తేలిక.

వరసల లెక్క సంగతేమిటి? చాలా ప్యాటర్న్‌లు ‘15 అంగుళాలు వచ్చేదాకా అల్లండి’ అని చెప్తాయి కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదని ఒక వాదన. ఒంటి భాగం వరకు ఆ మాట నిజమే. చేతుల దగ్గరికి వచ్చేసరికి చెల్లదు. అక్కడ ‘ప్రతి 8 వరసలకు ఒకసారి రెండు కుట్లు పెంచండి, ఇలా 14 సార్లు’ అని ఉంటుంది. 14 ఎనిమిదులు 112 వరసలు. అంగుళానికి 7 వరసలు వచ్చేవారికి అది 16 అంగుళాలు. 6 వచ్చేవారికి పద్దెనిమిదిన్నర దాటుతుంది. చెయ్యి చంకను ఎప్పుడో దాటేసింది, పెంచాల్సిన కుట్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

8 నంబరు సూది అంటే ఏ 8?

మన బజార్లో దొరికే సూదుల మీద పాత బ్రిటిష్ నంబర్లు ఇంకా కనిపిస్తాయి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25, 12 నంబరు 2.75. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు, నంబరు పెరిగితే లావు పెరుగుతుంది. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు, 10 అంటే 6. నెట్‌లో దొరికిన అమెరికా ప్యాటర్న్ చూసి మన 10 నంబరు సూదులు కొన్నవారు 6 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట దాదాపు సగం లావు సూదితో అల్లుతున్నట్టు. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసుకుంటే ఈ గొడవ ఉండదు.

శాంపిల్ ముక్క నిజం చెప్తుందా?

గేజ్ తెలియాలంటే ముందు ఒక చిన్న ముక్క అల్లి కొలవాలి. ఇక్కడ అల్లేవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు.

ఒక జట్టు దీన్ని వ్రతంలా పాటిస్తుంది. ఆరంగుళాల చదరం అల్లుతారు. పూర్తయిన స్వెట్టర్‌ను ఎలా ఉతుకుతారో ఆ ముక్కనూ అలాగే ఉతికి ఆరబెడతారు. అంచుల దగ్గర కుట్లు వంకర పోతాయి కాబట్టి మధ్యలో 4 అంగుళాలే కొలుస్తారు. ఒక్క అంగుళం కొలిచి ఊరుకోరు, దానికి కారణముంది. అంగుళానికి అయిదుంపావు ఉన్నదాన్ని కంటి అంచనాతో అయిదున్నర అనుకున్నామనుకోండి. పావు కుట్టే కదా. కానీ 209ని 5.25తో భాగిస్తే 39.8. ఆ పావు కుట్టు ఒంటి చుట్టూ తిరిగి వచ్చేసరికి దాదాపు రెండు అంగుళాలయింది.

రెండో జట్టు శాంపిల్ ముక్క అబద్ధాలకోరు అంటుంది. వాళ్ల ఫిర్యాదులు కొట్టిపారేసేవి కావు. అరచేతిలో ఇమిడే ముక్కకు సొంత బరువు ఉండదు, అరకిలో స్వెట్టర్‌కు ఉంటుంది. కొత్త ఊలు చేతికి అలవాటవుతున్నకొద్దీ బిగువు మారుతుంది. పైగా చాలామందికి బట్ట ముందు వైపు వేసే ఎదురు కుట్టు (నిట్) ఒక బిగువులో, తిప్పి వెనక వైపు వేసే తిరగ కుట్టు (పర్ల్) కాస్త వదులుగా పడుతుంది. ముక్కను అటూ ఇటూ తిప్పుతూ అల్లితే ఆ రెండూ కలుస్తాయి. గుండ్రటి సూదితో ఆగకుండా చుట్టూ అల్లే స్వెట్టర్‌లో తిరగ కుట్టే ఉండదు. అప్పుడు ముక్క ఒక లెక్క చెప్తుంది, స్వెట్టర్ ఇంకో లెక్క చెప్తుంది. అందుకే వీళ్లు నేరుగా ఒక చెయ్యి అల్లడం మొదలుపెట్టి, దాన్నే శాంపిల్ అనుకుంటారు.

నాకనిపించేదేమిటంటే, ఈ ఫిర్యాదులన్నీ మంచి ముక్క ఎలా అల్లాలో చెప్తున్నాయి తప్ప ముక్కే వద్దనడానికి సరిపోవు. గుండ్రంగా అల్లబోయే స్వెట్టర్‌కు గుండ్రంగానే ముక్క అల్లితే సగం గొడవ తీరుతుంది. అయితే చేతితో మొదలుపెట్టడంలో ఒక తెలివి ఉంది. నలభై కుట్లతో మొదలయ్యే చెయ్యి తప్పితే పోయేది మూడు నాలుగు సాయంత్రాలు. 209 కుట్లతో మొదలయ్యే ఒళ్లు తప్పితే నెల పోతుంది.

ఒంటి కొలత వేరు, స్వెట్టర్ కొలత వేరు

ప్యాటర్న్‌లో ‘సైజు 36’ అని ఉంటే అది మనిషి కొలతా, స్వెట్టర్ కొలతా? కొన్ని ప్యాటర్న్‌లు ఒకటి, కొన్ని రెండోది, మంచివి రెండూ ఇస్తాయి. ఆ రెండింటి తేడానే ఈజ్ అంటారు, మన మాటలో వదులు. అమెరికాలోని క్రాఫ్ట్ యార్న్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం ఒంటి కొలత కంటే 1 నుంచి 2 అంగుళాలు ఎక్కువుంటే ఒంటికి అంటినట్టుండేది, 2 నుంచి 4 మామూలు, 4 నుంచి 6 వదులు, 6 దాటితే ఓవర్‌సైజ్. ఒంటి కొలతకు సమానంగానో తక్కువగానో ఉండి సాగి పట్టేవీ ఉన్నాయి. గీతలు గీతలుగా ఉండే రిబ్ అల్లికకే అది బాగా నప్పుతుంది.

ఎంత వదులు సరైనదన్న దానికి ఒకే జవాబు లేదు. లోపల ఏముంటుందన్న దాన్ని బట్టి మారుతుంది. టీ షర్ట్ మీద వేసుకునేదానికీ చీర మీద వేసుకునేదానికీ ఒకే లెక్క పనికిరాదు. చీర మీద ముందు తెరిచే స్వెట్టర్ వేసుకునే అమ్మకు పైట మడతలన్నీ ఎడమ భుజం మీదే ఉంటాయి. చంక దగ్గర బిగుతైతే మొదట ఇబ్బంది పడేది ఎడమ చెయ్యే. ప్యాటర్న్ రాసినవాళ్లు ఈ పైటను ఊహించి ఉండరు.

ఊలు లావు కూడా వదులును తినేస్తుంది. పావు అంగుళం మందమున్న స్వెట్టర్‌ను బయటి నుంచి కొలిస్తే 38 ఉన్నా లోపలి చుట్టుకొలత ఒకటిన్నర అంగుళం దాకా తక్కువ ఉంటుంది. 2 అంగుళాల వదులు ఇచ్చామనుకుంటాం, ఒంటికి దక్కేది అర అంగుళం. లావు ఊలు స్వెట్టర్లకు ఎక్కువ వదులు చెప్పడం ఫ్యాషన్ కోసమే కాదు.

ఆడవాళ్ల స్వెట్టర్లలో ఇంకో పేచీ ఉంది. బ్లౌజు కుట్టే టైలర్లకు ఇది బాగా తెలుసు. చెస్ట్ అనీ అప్పర్ చెస్ట్ అనీ రెండు కొలతలు రాసుకుంటారు. రొమ్ము మీదుగా తీసేది మొదటిది, దానికి పైన చంకల కిందుగా తీసేది రెండోది. రెండింటి మధ్య 4 అంగుళాల తేడా ఉన్న మనిషి ఏ సైజు ఎంచుకోవాలి? పెద్ద కొలతను బట్టి ఎంచుకుంటే ఎక్కడా బిగుతు ఉండదు, లెక్కా తేలికే. కానీ భుజాలూ మెడా ఆ మనిషివి కావు, ఇంకెవరివో అవుతాయి. అప్పర్ చెస్ట్‌ను బట్టి ఎంచుకుని, ముందు భాగంలో మాత్రమే కొన్ని అర వరసలు (చివరిదాకా పోకుండా మధ్యలోనే వెనక్కి తిరిగేవి) కలిపి జాగా పెంచుకుంటే భుజాలు కుదురుతాయి, పని పెరుగుతుంది. నేను రెండో వైపే మొగ్గుతాను. ఎందుకో కింద ఉంది.

స్వెట్టర్ వేలాడేది భుజాల మీద

ఛాతీ దగ్గర రెండు అంగుళాలు అటూ ఇటూ అయినా ఎవరూ గమనించరు. భుజం దగ్గర అంగుళం తప్పితే గదిలో అందరికీ తెలుస్తుంది. స్వెట్టర్ బరువంతా మోసేది భుజాలే. అక్కడ కిందున్నది ఎముక. అది సర్దుకోదు.

ముందూ వెనకా విడిగా అల్లి, చేతులు తర్వాత అతికే పద్ధతిలో ఈ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. మన 38 అంగుళాల స్వెట్టర్‌లో వెనక భాగం 19 అంగుళాలు, అంటే 105 కుట్లు. వీపు మీద ఈ భుజం కొన నుంచి ఆ భుజం కొనకు పద్నాలుగున్నర అంగుళాలు ఉందనుకుందాం. అంటే దాదాపు 80 కుట్లు. కాబట్టి చంక దగ్గర ఒక్కో వైపు 12 కుట్లు తగ్గాలి. మొదట 5 కుట్లు ఒకేసారి మూసేసి, తర్వాత వరస విడిచి వరస ఒక్కొక్కటి చొప్పున 7 తగ్గిస్తే 14 వరసలు, రెండు అంగుళాల ఎత్తు. చంక గుంటకు ఆ వంపు వస్తుంది. మిగిలిన 81 కుట్లు భుజం దాకా తిన్నగా పోతాయి.

ఇదే స్వెట్టర్‌ను 40 ఛాతీ ఉన్న మనిషికి అల్లితే వెనక భాగానికి 11 కుట్లు పెరుగుతాయి. భుజాల ఎముకలు ఆ దామాషాలో పెరగవు. పెరిగిన కుట్లలో ఎక్కువ భాగం చంక దగ్గరే పోవాలి. అలా కాకుండా అన్నీ ఒకే నిష్పత్తిలో పెంచేసిన ప్యాటర్న్‌లు చాలానే ఉన్నాయి. పెద్ద సైజు స్వెట్టర్లు భుజం జారడానికి సగం కారణం అక్కడుంది.

చంక గుంట లోతు విషయంలో మన అంచనా తలకిందులు. బిగుతు వద్దు, చెయ్యి బాగా ఆడాలి అని లోతు పెంచుతాం. కానీ చంక కిందికి దిగితే చేతి గొట్టం మొదలయ్యే చోటు కూడా కిందికి దిగుతుంది. చెయ్యి ఎత్తగానే ఆ చోటును పట్టుకుని స్వెట్టర్ మొత్తం పైకి లేస్తుంది. బస్సులో పైకమ్మీ పట్టుకునేసరికి నడుం కనిపించే స్వెట్టర్లు తరచూ ఇలాంటివే. చంక ఒంటికి దగ్గరగా ఉండి, చెయ్యి కాస్త వెడల్పుగా ఉంటేనే ఆట ఎక్కువ.

అతుకులు ఉండాలా, వద్దా?

ఇప్పుడు బాగా నడుస్తున్నది మెడ నుంచి కిందికి, అతుకు లేకుండా అల్లే రాగ్లన్ పద్ధతి. మెడ నుంచి చంక దాకా నాలుగు ఏటవాలు గీతలు వస్తాయి. వాటర్‌లూ యుద్ధంలో 1815లో కుడి చెయ్యి పోగొట్టుకున్న బ్రిటిష్ సైన్యాధికారి లార్డ్ రాగ్లన్ పేరు దీనికి వచ్చింది. ఆయన తర్వాత క్రిమియా యుద్ధంలో సేనాపతి. అదే యుద్ధంలో పోరాడిన ఇంకో ప్రభువు పేరే కార్డిగన్. ఆ యుద్ధంలో గెలిచిందెవరో మర్చిపోయినవాళ్లు కూడా వాళ్ల పేర్లు ఒంటి మీద వేసుకు తిరుగుతున్నారు.

రాగ్లన్‌కు పెద్ద సౌలభ్యం, మధ్యలో ఎప్పుడంటే అప్పుడు వేసుకుని చూసుకోవచ్చు. పొడవు తక్కువైతే ఇంకో నాలుగు వరసలు వేయొచ్చు. కానీ దీనికీ ఒక ముడి ఉంది. వెనక భాగం మెడ దగ్గర 34 కుట్లతో మొదలైందనుకుందాం. రెండు రౌండ్లకోసారి రెండు కుట్లు పెంచుతూ 28 సార్లు పెంచితే 56 కలిసి 90 అవుతాయి. చంక కింద 15 కలిపితే మన 105. దీనికి పట్టే 56 రౌండ్లు, అంగుళానికి 7 వచ్చేవారికి సరిగ్గా 8 అంగుళాల లోతు. 6 వచ్చేవారికి తొమ్మిదింపావు దాటుతుంది. ఛాతీ వెడల్పు సరిగ్గా కుదిరి కూడా చంక అంగుళానికి పైగా కిందికి దిగింది. పైగా చేతులకు కూడా అవే 56 కుట్లు పెరుగుతాయి, వాటికి అంత అవసరం ఉన్నా లేకపోయినా.

అతుకులు కావాలనేవాళ్ల వాదన వేరు. అతుకు స్వెట్టర్‌కు ఎముకలాంటిది. భుజం మీద, పక్కల్లో గట్టి గీత ఉంటే బరువైన స్వెట్టర్ కూడా జారదు, తిరగదు. బరువైన ఊలుకూ కాటన్‌కూ ఇది నిజమే. తేలికైన ఊలుకు అతుకు లేకపోయినా పెద్ద నష్టం కనిపించదు. విడిగా నాలుగు ముక్కలు అల్లి, చివర్లో అతకలేక అటక మీద పడేసిన స్వెట్టర్లను చూసినవాళ్లు అతుకు లేని పద్ధతికి దండం పెడతారు.

అసలు ప్యాటర్నే వద్దు, లెక్క చాలు అన్నది మూడో దారి. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన అల్లిక నిపుణురాలు ఎలిజబెత్ జిమర్‌మన్ దీన్ని శాతాల్లోకి కుదించారు. ఒంటి చుట్టూ ఉన్న కుట్లు నూరు శాతం. మణికట్టుకు 20 శాతం, జబ్బకు 33, చంక కింద 8, మెడకు 40. మన స్వెట్టర్‌ను 210 అనుకుంటే మణికట్టుకు 42, జబ్బకు 69, చంకకు 17, మెడకు 84 కుట్లు. జబ్బ పన్నెండున్నర అంగుళాలు వస్తుంది. ఎంత అందమైన లెక్క! జబ్బ చుట్టుకొలత 14 ఉన్న మనిషికి మాత్రం అది ఎక్కదు. శాతాలు సగటు మనిషిని ఊహించుకుంటాయి, టేపు అలా ఊహించదు. ఆ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు కూడా ఆ నాలుగు అంకెలనూ ఒంటి కొలతతో సరిచూసుకునే వాడతారు.

ఉతికాక ఏమవుతుంది?

మన కొట్లో ‘ఊలు’ అని అడిగితే చేతిలో పెట్టేది చాలాసార్లు యాక్రిలిక్. పేరు ఒకటే అయినా ప్రవర్తన వేరు. గొర్రె ఉన్ని పీచుకు సహజంగానే ముడతలుంటాయి, అవే స్ప్రింగులా పనిచేస్తాయి. తడిపి, కావాల్సిన కొలతకు సర్ది, పరిచి ఆరబెడితే ఆ ఆకారంలో నిలుస్తుంది. దీన్నే బ్లాకింగ్ అంటారు. యాక్రిలిక్‌ను ఎంత తడిపినా అలా మాట వినదు. ఆవిరి పట్టిస్తే వింటుంది, కానీ ఎక్కువైతే పీచు మెత్తబడి వేలాడిపోతుంది, ఇక వెనక్కి రాదు.

మెషీన్‌లో ఉతకొచ్చని అమ్మే సూపర్‌వాష్ ఉన్ని ఇంకో రకం. ఉన్ని పీచు మీదుండే పొలుసులు ఒకదానికొకటి చిక్కుకునే స్వెట్టర్లు కుంచించుకుపోతాయి. ఆ పొలుసులను నున్నగా చేయడమో వాటి మీద పూత వేయడమో చేస్తారు కాబట్టి ఇది కుంచించుకుపోదు. కానీ పట్టు తగ్గిపోయి తడవగానే పొడుగు సాగుతుంది. కాటన్‌కు స్ప్రింగు గుణం దాదాపు లేదు, బరువు మాత్రం ఉంది. రోజంతా వేసుకుంటే సొంత బరువుకే కిందికి దిగుతుంది. మన వాతావరణానికి కాటనే నయమని అల్లేవాళ్లు పొడవు రెండంగుళాలు తక్కువ పెట్టుకోవడం చూశాను. సబబే.

అల్లేశాక ఏం మారుతుంది, ఏం మారదు

పొడవు తప్పితే దిద్దుకోవచ్చు. అంచుకు పైన ఒక వరసలో దారం తెంపి, తెరుచుకున్న కుట్లను సూది మీదికి తీసుకుని, కిందికి ఎంత కావాలంటే అంత అల్లుకోవచ్చు. భుజాలు జారుతుంటే వెనక మెడ చుట్టూ, భుజాల మీద లోపలి నుంచి క్రోషియాతో ఒక గొలుసు వేస్తే సాగకుండా పట్టి ఉంచుతుంది. నాకు తెలిసి ఇంత తక్కువ శ్రమతో ఇంత మార్పు తెచ్చే దిద్దుబాటు ఇంకోటి లేదు. వెడల్పు మాత్రం వేరే సంగతి. 209 కుట్లు వేసింది 209గానే ఉంటుంది. పక్కల్లో మడిచి కుట్టొచ్చు, కానీ లావు ఊలులో ఆ మడత పక్కటెముక మీద తాడులా తగులుతుంది.

మెరూన్ స్వెట్టర్‌ను ఏడాది పాటు బీరువాలో ఉంచి, చివరికి విప్పేశాను. విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకరలు తిరిగి ఉంటుంది. చుట్టలుగా చుట్టి, తడిపి, అడుగున నీళ్ల సీసా కట్టి బాల్కనీలో వేలాడదీస్తే రెండు రోజుల్లో సాపైంది. మళ్లీ ముక్క అల్లి, ఉతికి, కొలిచాను. మళ్లీ 20. సూది మార్చలేదు, ఆ బట్ట మెత్తదనం నాకు నచ్చింది. 38ని 5తో గుణించి ఈసారి 190 కుట్లు ఎక్కించాను. ఛాతీ సరిగ్గా 38 వచ్చింది. చేతుల దగ్గర వరసలు లెక్కపెట్టడం మర్చిపోయాను, అర అంగుళం పొట్టి.